ఎడిసన్ నుంచి ఇథాకాకు: ఒక పెద్ద జంట ఇల్లు మారిన కేసు

పెద్దవయసులో ఇల్లు మారేవాళ్లకు దగ్గరుండి సాయం చేయడం నా వృత్తి. అమెరికాలో దీన్ని సీనియర్ మూవ్ మేనేజ్‌మెంట్ అంటారు. 2002 నుంచి దీనికి జాతీయ సంఘం కూడా ఉంది. పెట్టెలు కట్టించడం, ట్రక్కు మాట్లాడటం మా పనిలో చివరి భాగం. అంతకుముందే తేలాల్సినవి చాలా ఉంటాయి. అవి తేలకుండా సామాను ముందు కూర్చుంటే ఇంట్లో గొడవలు పెరుగుతాయే తప్ప పని జరగదు.

1970ల్లో, 80ల్లో ఇక్కడికి వచ్చి స్థిరపడిన మన తెలుగువాళ్లు ఇప్పుడు పెద్ద ఇళ్లు వదిలే వయసుకొచ్చారు. వాళ్ల బేస్‌మెంట్లలో ఏముంటుందో, వాళ్లు ఏ ప్రశ్న దగ్గర ఆగిపోతారో మామూలు చెక్‌లిస్టుల్లో కనపడదు. అందుకే ఈ కేసు వివరంగా రాస్తున్నాను. దంపతుల అనుమతి ఉంది. పేర్లు చెప్పను, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

నేపథ్యం

ఆయనకు 71 ఏళ్లు, ఆవిడకు 67. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో నాలుగు బెడ్‌రూముల ఇల్లు, కింద గదులు కట్టించుకున్న బేస్‌మెంట్. 1996లో కొన్నారు. ఆయన ఫార్మా కంపెనీలో కెమికల్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఆవిడ పగలు ఒక ఆఫీసులో అకౌంట్లు చూసేవారు, సాయంత్రాలు బేస్‌మెంట్‌లో పిల్లలకు వీణ నేర్పేవారు. కూతురు రాచెస్టర్‌లో, కొడుకు సియాటిల్‌లో ఉంటారు.

ఆయన 1970ల్లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథాకాలో, కార్నెల్ యూనివర్సిటీలో ఎం.ఎస్. చేశారు. రిటైరయ్యాక ఆ ఊరికే వెళ్లిపోవాలని ఎప్పటినుంచో అనుకుంటున్నారు. లైబ్రరీ, ఉపన్యాసాలు, కచేరీలు, చుట్టూ చదువుకునే పిల్లలు, నడిచి తిరగగలిగినంత ఊరు, పక్కనే కయూగా సరస్సు. కూతురింటికి రెండు గంటల్లోపు డ్రైవ్. మరి రాచెస్టర్‌కే వెళ్లొచ్చు కదా అని అడిగాను. "అల్లుడి ఉద్యోగం ఎప్పుడు ఎక్కడికి మారుతుందో తెలియదమ్మా. వాళ్ల వెనకాలే మేమూ మారుతూ ఉండలేం" అన్నారు. నాకు నచ్చిన జవాబు. పిల్లల ఊరికి వెళ్లి, రెండేళ్లకు పిల్లలే ఊరు మారిపోతే ఎవరూ తెలియని చోట మిగిలిపోయిన పెద్దవాళ్లు నాకు తెలుసు.

ఆయన నన్ను పిలిచేసరికి మనసులో అన్నీ నిర్ణయమైపోయాయి: వసంతంలో ఇల్లు అమ్మకానికి పెట్టాలి, ఆ డబ్బుతో యూనివర్సిటీ దగ్గర చిన్న ఇల్లు కొనాలి, సామాను సగం తగ్గించాలి. ఆవిడ కాదనలేదు, అవుననీ అనలేదు. బేస్‌మెంట్‌లో ఒక అల్మారాలోని వస్తువులు మాత్రం రోజూ తీసి సర్ది, మళ్లీ యథాస్థానంలో పెడుతున్నారు.

మొదటి ప్రశ్న

నేను ఏ ఇంట్లోనూ మొదటిరోజు సామాను జోలికి పోను. ఇద్దరికీ చెరో కాగితం ఇచ్చి, కొత్త ఊళ్లో ఒక మామూలు మంగళవారం పొద్దున్నుంచి రాత్రిదాకా ఎలా గడుస్తుందో రాయమంటాను. పండగ రోజు వద్దు, పిల్లలొచ్చే రోజు వద్దు, ఫిబ్రవరిలో వచ్చే ఒక మంగళవారం.

ఆయన కాగితం రెండువైపులా నిండింది. ఆవిడ పొద్దున కాఫీ, పూజ రాశారు. ఆ కింద ఏమీ లేదు. ఆయన ఫోను మాట్లాడటానికి పక్కకు వెళ్లినప్పుడు నెమ్మదిగా అడిగారు: "అమ్మాయ్, అక్కడ మనింటికి ఎవరొస్తారమ్మా?"

ఈ కేసు మొత్తం ఆ ప్రశ్న మీదే నడిచింది. ఆ ఇంటికి దాదాపు ముప్ఫై ఏళ్లపాటు మనుషులు వస్తూనే ఉన్నారు. వీణ నేర్చుకునే పిల్లలు, వాళ్ల తల్లులు, బతుకమ్మకు, వ్రతాలకు వచ్చేవాళ్లు, ఇండియా నుంచి ఆరు నెలలకని వచ్చే అమ్మానాన్నలు, అత్తమామలు. యాభైమందికి వండే గుండిగలు, ఇరవై దుప్పట్లు, మడత కుర్చీలు అన్నీ వాళ్ల కోసమే. వాటిని తీసేయమంటే, ఇక మీ ఇంటికి ఎవరూ రారు అని చెప్పినట్టే ఆవిడకు వినపడుతోంది. ఆయన మాత్రం ఆవిడ వస్తువుల మీద మమకారం చంపుకోలేకపోతున్నారని అనుకుంటున్నారు.

అందుకని సామాను పక్కన పెట్టి, ఊరి సంగతి తేల్చుకుందాం అన్నాను. ఇద్దరూ ఫిబ్రవరిలో ఒక వారం ఇథాకాలో ఉండి రావాలి. హోటల్లో కాదు, వంటిల్లున్న అద్దె గదిలో. కూరగాయలు కొనుక్కోవాలి, బస్సెక్కాలి, గుడి ఎంత దూరమో, ఫార్మసీ ఎంత దూరమో చూడాలి. ఆయన అక్టోబరులో వెళ్దామన్నారు. అక్టోబరులో ఆకులు రంగులు మారే వేళ ఆ కొండల్లో ఎవరికైనా ఉండిపోవాలనే అనిపిస్తుంది. అందుకే వద్దన్నాను.

ఊరు

2020 జనాభా లెక్కల్లో ఇథాకా నగర జనాభా 32 వేల చిల్లర. కార్నెల్ ఈస్ట్ హిల్ మీద, ఇథాకా కాలేజీ సౌత్ హిల్ మీద ఉంటాయి. సరస్సు ఒడ్డుకు, కార్నెల్ క్యాంపస్‌కు మధ్య ఎత్తు తేడా సుమారు 400 అడుగులు. ఇరవై నాలుగేళ్లప్పుడు పుస్తకాల సంచీ భుజాన వేసుకుని ఎక్కిన దారి అది. ఫిబ్రవరిలో మంచు గడ్డకట్టిన కాలిబాట మీద, మోకాలి నొప్పితో, ఆయన సగం దూరంలో ఆగిపోయారు. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసి, క్యాంపస్ పక్కన ఇల్లు చూడక్కర్లేదు అన్నారు. నేను ఎంత చెప్పినా రాని మాట అది.

చదువుకున్నప్పుడు చూసిన ఊరికి తిరిగి వెళ్లేవాళ్లకు నేను ప్రత్యేకంగా చెప్పే సంగతి ఒకటుంది. ఊరు పెద్దగా మారకపోవచ్చు, ఒంట్లో బలం మాత్రం అప్పటిది కాదు. ఏ వీధి కొండ మీద ఉందో, ఏది లోయలో ఉందో చూసుకోవాలి. డౌన్‌టౌన్‌లో, కామన్స్ అనే నడక వీధికి దగ్గరలో లిఫ్ట్ ఉన్న భవనాలున్నాయి. నేల చదునుగా ఉంటుంది, కొండ మీదకు బస్సు ఉంటుంది. వాళ్లు చివరికి అక్కడే రెండు గదుల అపార్ట్‌మెంట్ చూసుకున్నారు, 1,150 చదరపు అడుగులు.

కాలేజీ ఊళ్లలో జీవితం యూనివర్సిటీ క్యాలెండర్ ప్రకారం నడుస్తుంది. అద్దె ఒప్పందాలు ఎక్కువగా ఆగస్టులో మొదలై జులైలో ముగుస్తాయి. మధ్యలో ఇల్లు వెతికితే మంచివి దొరకవు, ఆగస్టు కోసం నెలల ముందే వెతకాలి. పిల్లలు చేరే వారం, గ్రాడ్యుయేషన్ వారాంతం హోటళ్లలో గది దొరకదు, కాబట్టి కొడుకు రాకపోకలు ఆ రోజుల్లో పెట్టుకోకూడదు. మే చివర్లో విద్యార్థులు వెళ్లిపోయాక ఊరు ఖాళీ అవుతుంది. కొందరికి అది వెలితిగా ఉంటుంది. ఈ దంపతులకు అదే నచ్చింది. వేసవంతా సరస్సు ఒడ్డున రైతుబజారు, ఖాళీ రోడ్లు.

ఆసుపత్రి సంగతి ఇంత తేలిక కాదు. ఊళ్లో కయూగా మెడికల్ సెంటర్ ఉంది, రోజువారీ అవసరాలకు సరిపోతుంది. ఆయనకు గుండెలో స్టెంట్ ఉంది. పెద్ద చికిత్స అవసరమైతే సిరక్యూస్‌కో రాచెస్టర్‌కో పోవాలి. ఊళ్లోకి ప్యాసింజర్ రైలు లేదు, విమానాలు తక్కువ. ఈ లోటు పూడేది కాదు. తెలిసి ఒప్పుకోవాలి, లేదా వేరే ఊరు చూసుకోవాలి. నేను కూతురిని కూడా కూర్చోబెట్టి మాట్లాడాను. రాత్రిపూట అత్యవసరమైతే ఎవరు బయల్దేరుతారు, కారు నడపలేని రోజు వస్తే ఏం చేస్తారు అన్నవి రాసుకున్నాం. ఇలాంటి మాటలు పిల్లలు ఎత్తరు, పెద్దవాళ్లు రానివ్వరు. మూడో మనిషి ఉంటే తేలికవుతుంది.

అమ్మకుండా అద్దెకు

నా సలహా: ఎడిసన్ ఇల్లు అప్పుడే అమ్మొద్దు. 2023 ఆగస్టు నుంచి ఒక విద్యాసంవత్సరం ఇథాకాలో అద్దెకు ఉండండి, చలికాలం గడిచాక నిర్ణయించుకోండి.

ఆయన డబ్బు లెక్క అడిగారు, అడగాల్సిందే. రెండు ఇళ్ల ఖర్చు ఏడాదిపాటు భరించాలి, న్యూజెర్సీ ఆస్తిపన్ను తక్కువేమీ కాదు. కానీ తొందరపడి కొన్న ఇల్లు రెండేళ్లలో మళ్లీ అమ్మాల్సి వస్తే రెండువైపులా కమిషన్లు, క్లోజింగ్ (ఇల్లు చేతులు మారేటప్పటి) ఖర్చులు కలిపి అంతకన్నా ఎక్కువే పోతాయి. పన్ను చట్టం కూడా ఈ ఆలస్యాన్ని అనుమతిస్తుంది. సొంత ఇల్లు అమ్మితే వచ్చే లాభంలో దంపతులకు 5 లక్షల డాలర్ల దాకా ఫెడరల్ పన్ను ఉండదు. అమ్మిన రోజుకు ముందున్న ఐదేళ్లలో కనీసం రెండేళ్లు ఆ ఇంట్లో ఉండి ఉంటే చాలు. అంటే వాళ్లు ఇల్లు వదిలిన తర్వాత కూడా మూడేళ్ల దాకా గడువుంది.

జాగ్రత్తలు రెండు. ఖాళీగా ఉన్న ఇంటికి మామూలు ఇన్సూరెన్స్ పూర్తిగా వర్తించదు. చాలా పాలసీల్లో వరుసగా 60 రోజులు ఖాళీగా ఉంటే కొన్ని నష్టాలకు కవరేజ్ పోతుంది. చలికాలంలో హీటింగ్ ఆపేసి, నీళ్లు కట్టేయకుండా వదిలితే పైపులు పగిలిన నష్టమూ ఇవ్వరు. ఇన్సూరెన్స్ వాళ్లకు ముందే చెప్పి రాతపూర్వకంగా జవాబు తీసుకున్నాం. నీళ్ల మెయిన్ కట్టేసి పైపులు ఖాళీ చేయించి, హీటింగ్ తక్కువలో ఉంచి, పక్కింటివాళ్లకు తాళం ఇచ్చాం. రెండోది ఆదాయపు పన్ను. న్యూయార్క్‌లో ఇల్లుండి, ఏడాదిలో 183 రోజులకు మించి అక్కడ గడిపితే ఆ రాష్ట్రం తన నివాసిగా లెక్కగట్టొచ్చు. దీన్ని వాళ్ల పన్ను లెక్కలు చూసే సీపీఏకు అప్పగించాం.

రాష్ట్రం మారితే పన్ను తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. వీళ్ల విషయంలో అలా లేదు. న్యూజెర్సీలో 62 దాటిన దంపతులకు, ఆదాయం పరిమితిలోపు ఉంటే, పెన్షన్ ఆదాయంలో లక్ష డాలర్ల దాకా మినహాయింపు దొరుకుతుంది. న్యూయార్క్‌లో ప్రైవేటు పెన్షన్, ఐఆర్ఏ (సొంత రిటైర్మెంట్ పొదుపు ఖాతా) డబ్బుకు మనిషికి 20 వేలే. సోషల్ సెక్యూరిటీ (ఫెడరల్ ప్రభుత్వ పెన్షన్) మీద రెండు రాష్ట్రాలూ పన్ను వేయవు. ఇథాకాలో ఆస్తిపన్ను కూడా బరువే. ఊళ్లో విలువైన భూమి చాలావరకు పన్ను మినహాయింపు ఉన్న యూనివర్సిటీది కాబట్టి, మిగతా ఇళ్ల మీద భారం పడుతుంది. కార్నెల్ నగరానికి ఇచ్చే స్వచ్ఛంద చెల్లింపును 2023లో ఏటా 40 లక్షల డాలర్లకు పెంచడానికి ఒప్పందం కుదిరింది. అక్కడ ఆ చర్చ ఎంత వేడిగా సాగిందో చూస్తే సమస్య లోతు తెలుస్తుంది. కాలేజీ ఊళ్లో ఇల్లు కొనాలనుకునేవాళ్లు ధరతో పాటు పన్ను బిల్లు కూడా అడిగి చూసుకోవాలి.

మెడికేర్

ఈ ఒక్క విషయంలో నేను చాలా పట్టుబడతాను, ఎందుకంటే గడువు దాటితే వెనక్కి తీసుకోలేం. మెడికేర్ అంటే 65 దాటినవాళ్లకు ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా. ఇద్దరికీ న్యూజెర్సీలో మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్లున్నాయి, అంటే దాన్ని ప్రైవేటు కంపెనీల ద్వారా అందించేవి. అవి కౌంటీల వారీగా పనిచేస్తాయి, ఆ ప్రాంతం వదిలి స్థిరంగా వెళ్లిపోతే ప్లాను కొనసాగదు. కొత్త ప్లాను ఎంచుకోవడానికి ప్రత్యేక గడువు ఇస్తారు: ముందే చెబితే మారే నెలకు ముందు నెల నుంచి మొదలై, మారిన తర్వాత పూర్తిగా రెండు నెలలు.

నేను వాళ్లను ప్రభుత్వ నిధులతో నడిచే ఉచిత సలహా కేంద్రానికి పంపాను. అక్కడ తెలిసిన సంగతి ఆయనకు పెద్ద ఊరట. చాలా రాష్ట్రాల్లో మెడిగ్యాప్ పాలసీ, అంటే మెడికేర్ కట్టని ఖర్చులు భరించే అదనపు బీమా, మొదటి ఆరునెలల తర్వాత అడిగితే ఆరోగ్య చరిత్ర చూసి కాదనొచ్చు. న్యూయార్క్‌లో కంపెనీలు ఏడాది పొడుగునా ఎవరు అడిగినా ఇవ్వాలి, వయసు, జబ్బు చూసి ప్రీమియం పెంచకూడదు. స్టెంట్ ఉన్న మనిషికి ఇది మామూలు సౌకర్యం కాదు. ఇద్దరూ ప్రభుత్వమే నేరుగా నడిపే ఒరిజినల్ మెడికేర్‌కు వచ్చి మెడిగ్యాప్, మందుల ప్లాను తీసుకున్నారు. ప్రీమియం ఎక్కువే. కానీ ఒరిజినల్ మెడికేర్ తీసుకునే డాక్టరు ఎక్కడున్నా, రాచెస్టర్‌లోనైనా, నెట్‌వర్కు (ప్లాను ఒప్పుకునే డాక్టర్ల జాబితా) ఇబ్బంది లేకుండా చూపించుకోవచ్చు. చిన్న ఊరికి వెళ్లేవాళ్లకు అది అవసరం.

మొదటి విడత సామాను

ఏడాదికి అద్దెకు వెళ్తున్నారు కాబట్టి సామాను ప్రశ్న మారిపోయింది. ఏది శాశ్వతంగా వదిలేయాలి అని ఎవరినీ అడగలేదు. ఈ ఏడాది బతకడానికి ఏం కావాలి అని మాత్రమే అడిగాం. అపార్ట్‌మెంట్ కొలతలు తీసుకుని, గ్రాఫ్ కాగితం మీద గీసి, మంచం, సోఫా, బల్ల అదే కొలతలో కత్తిరించి అమర్చాం. ఎనిమిది కుర్చీల టేకు డైనింగ్ టేబుల్ అందులో పట్టలేదు. కాగితం మీద ఆయనే జరిపి చూసి పక్కన పెట్టారు. ఇదే మాట నేను నోటితో చెప్పి ఉంటే వాదన అయ్యేది.

ఆవిడ మంగళవారం కాగితానికి మళ్లీ వచ్చాం. ఫిబ్రవరి వారంలో ఆవిడ లైఫ్‌లాంగ్ అనే సీనియర్ల కేంద్రం చూశారు, క్యాంపస్‌లో ఒక సంగీత కార్యక్రమానికి వెళ్లారు. అక్కడ ఇండియా నుంచి వచ్చిన కొందరు విద్యార్థులు పరిచయమయ్యారు. ఇప్పుడు కాగితంలో ఒక వాక్యం చేరింది: సాయంత్రం ఎవరైనా వస్తే వీణ. దాంతో ఏ పాత్రలు వెళ్లాలో తేలింది. యాభైమందికి వండే గుండిగలు ఎడిసన్‌లోనే ఆగాయి, ఎనిమిది మందికి సరిపడే గిన్నెలు, పెద్ద ఇడ్లీ పాత్ర బయల్దేరాయి.

వీణ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మూవర్లకు తెలియని సంగతి ఇది. సరస్వతీ వీణలో మెట్లు నిలబడేది మైనం కలిపి కట్టిన మేళం మీద. ఆగస్టు ఎండలో మూసిన ట్రక్కులో వేడికి ఆ మైనం మెత్తబడితే మెట్లు కదిలిపోతాయి, శ్రుతి పోతుంది. మళ్లీ మేళం కట్టేవాళ్లు ఇథాకాలో దొరకరు. అందుకని వీణ ఏసీ వేసిన సొంత కారులో, వెనక సీటులో పడుకోబెట్టి తీసుకెళ్లారు. చలికాలంలో హీటింగ్‌తో గాలి పొడిబారి పనసచెక్క బీటలు వారకుండా గదిలో హ్యుమిడిఫయర్ కూడా పెట్టమన్నాను.

మూవర్ల ఎంపికలో ఆయన ఫోన్లో వచ్చిన ఒక చాలా తక్కువ ధరకు దాదాపు అడ్వాన్స్ కట్టేశారు. అవతలివాళ్లు బ్రోకర్లు, వాళ్లకు ట్రక్కు ఉండదు. సామాను చూడకుండా ధర చెప్పినప్పుడే అనుమానించాలి. రాష్ట్రం దాటే మూవర్‌కు యూఎస్ డాట్ (ఫెడరల్ రవాణా శాఖ) నంబరు ఉండాలి, అది ఫెడరల్ వెబ్‌సైట్‌లో ఎవరైనా సరిచూసుకోవచ్చు. అంచనా బైండింగా (చెప్పిన ధరకు కట్టుబడేదా) కాదా అన్నది తప్పనిసరిగా అడగాలి. నాన్ బైండింగ్ అయితే సామాను దించేటప్పుడు అంచనాలో 110 శాతం కట్టగానే అప్పగించాలి, మిగతాది తర్వాత బిల్లు చేస్తారు. మేం బైండింగ్ అంచనా తీసుకున్నాం.

నష్టపరిహారం కాగితం మీద సంతకం పెట్టేముందు ఇద్దరికీ ఒక లెక్క చూపించాను. రిలీజ్డ్ వాల్యూ అనే ఉచిత రకంలో పౌనుకు 60 సెంట్లే ఇస్తారు. నలభై పౌన్ల టీవీ పగిలితే చేతికొచ్చేది 24 డాలర్లు. వస్తువు పూర్తి విలువకు హామీ ఇచ్చే ఫుల్ వాల్యూ ప్రొటెక్షన్‌కు డబ్బు కట్టాలి, అయినా అదే తీసుకోవాలని నా అభిప్రాయం. పౌనుకు 100 డాలర్లకు మించి విలువ చేసేవి, అంటే వెండి సామాను, పట్టుచీరలు లాంటివి, విడిగా జాబితాలో రాసి ఇవ్వకపోతే పూర్తి పరిహారం రాదు. వెండి, బంగారం అసలు ట్రక్కు ఎక్కనివ్వకండి. మనం స్వయంగా కట్టిన పెట్టెలో వస్తువు పగిలితే పరిహారం అడగడం కష్టం, అందుకే గాజు సామాను వాళ్లచేతే కట్టించాం. ఈ ఖర్చులు పన్నులో తగ్గించుకోవచ్చా అని ఆయన అడిగారు. 2018 నుంచి సైన్యంలో ఉన్నవాళ్ల లాంటి కొద్దిమందికి తప్ప మామూలు వాళ్లకు ఫెడరల్ పన్నులో ఆ వీలు లేదు.

రెండో విడత

ఏప్రిల్‌లో ఎడిసన్ ఇంటికి తిరిగొచ్చి తలుపు తీశాం. ఇద్దరినీ గదిగదికీ తిప్పి, ఈ ఎనిమిది నెలల్లో మీకు గుర్తొచ్చిన వస్తువులకు ఈ పచ్చ చీటీ అంటించండి అన్నాను. ఆవిడ అంటించినవి: అమ్మ ఇచ్చిన కావడిపెట్టె, రెండు ఫోటో ఆల్బమ్‌లు, ఒక రోలు. ఆయన పుస్తకాల గదిలోకి వెళ్లి చాలాసేపు నిలబడి, ఒక అరలోవి మాత్రం తీసుకున్నారు. నలభై ఏళ్ల వృత్తి పత్రికలు అట్టపెట్టెల్లో ఉన్నాయి, ఏ లైబ్రరీ తీసుకోదు. అవి రీసైక్లింగ్‌కు వెళ్లేరోజు ఆయన్ను ఇంట్లో ఉండొద్దన్నాను.

నేను ఇలా రెండు విడతలు చేయించడానికి కారణం ఇదే. ఎడిసన్‌లో కూర్చుని ఏది అవసరమో ఊహించమంటే అన్నీ అవసరమనిపిస్తాయి. వేరేచోట ఒక చలికాలం గడిపివస్తే, అడగక్కర్లేకుండానే ఆ జవాబు మనసులో సిద్ధంగా ఉంటుంది. స్తోమత ఉన్నవాళ్లకు ఈ పద్ధతినే చెబుతాను. లేనివాళ్లకు మూడు నెలల స్టోరేజీతో దీని చిన్నరూపం కుదురుతుంది. అంతకుమించి స్టోరేజీ అద్దె కడుతూ పోవడం నాకు ఇష్టం లేదు, చాలామంది ఆ తాళం మళ్లీ తీయరు.

టేకు బల్ల, బెడ్‌రూమ్ సెట్లు పిల్లలు వద్దన్నారు. ఇది దాదాపు ప్రతి ఇంట్లో జరిగేదే, పెద్దవాళ్లు దీన్ని మనసుకు తీసుకుంటారు. పిల్లలకు కాదనే అవకాశం ఇస్తూ ముందే ఫోటోలు పంపి, గడువు పెట్టి, రాతలో జవాబు తీసుకోమంటాను. అప్పుడు ఎదురుగా నిలబడి మొహమాటపడే పని ఉండదు. దానంగా ఇచ్చినవాటికి రసీదులు తీసుకున్నాం. పన్ను పత్రంలో మినహాయింపులు విడివిడిగా చూపించే (ఐటమైజ్ చేసే) ఏడాదైతే 500 డాలర్లు దాటిన వస్తుదానాలకు ఫారం 8283 కావాలి. పాత గాజుగొట్టం టీవీలు బేస్‌మెంట్‌లో దొరికాయి. న్యూజెర్సీలో 2011 నుంచి టీవీలు చెత్తలో వేయడం నిషేధం, వాటిని కౌంటీ ఈ-వేస్ట్ కేంద్రానికి తీసుకెళ్లాం.

పూజామండపం దగ్గర అందరం ఆగాం. చెక్కపని చేయించిన పెద్ద మండపం, లోపల దాదాపు ముప్ఫై ఏళ్లలో చేరిన విగ్రహాలు, పటాలు. అమ్మలేరు, పారేయలేరు, అన్నీ పట్టుకుపోలేరు. నేను ఇక్కడ సలహా చెప్పను, సమయం ఇస్తాను. ఆవిడ రోజూ పూజించే నాలుగు విగ్రహాలు తనతో ఉంచుకున్నారు. మిగతావి, మండపంతో సహా, ఆవిడ దగ్గర వీణ నేర్చుకుని పెళ్లయి కొత్త ఇల్లు కొనుక్కున్న అమ్మాయికి ఇచ్చారు. గృహప్రవేశానికి ఇద్దరూ వెళ్లివచ్చారు. గుండిగలు కూడా ఆ ఊరి బతుకమ్మ బృందానికే వెళ్లాయి. ఇవ్వగానే ఆవిడ మొహంలో తేలిక కనపడింది. ఎవరి చేతికి వెళ్లాయో తెలిస్తే వదలడం సులువవుతుందని నేను ప్రతి ఇంట్లోనూ చూస్తున్నాను.

పాత రసీదులు

బేస్‌మెంట్ మూలన రసీదుల పెట్టె ఒకటి ఉంది. చెత్తకుప్పలోకి వెళ్లబోతుంటే ఆపాను. లెక్క ఇలా ఉంది. ఇల్లు 2,10,000 డాలర్లకు కొన్నారు, 7,85,000కు అమ్ముడైంది. కమిషన్, బదిలీ ఫీజు లాంటివి 39,000 పోగా లాభం 5,36,000. మినహాయింపు 5 లక్షలే. 1997 చట్టంలో పెట్టిన ఈ పరిమితి ధరలు ఎంత పెరిగినా పెరగలేదు కాబట్టి, ఎడిసన్ లాంటి చోట్ల ఎప్పుడో కొన్నవాళ్లు ఇప్పుడు దాన్ని దాటిపోతున్నారు. 36,000 డాలర్ల మీద పన్ను పడబోతోంది.

ఆ పెట్టెలో బేస్‌మెంట్ కట్టించిన బిల్లులు, కొత్త కప్పు, వంటింటి మార్పు, పై అంతస్తు బాత్‌రూమ్, అన్నీ కలిపి 68,000 డాలర్ల రసీదులు దొరికాయి. ఇంటి విలువ పెంచే ఇలాంటి పనుల ఖర్చు కొన్న ధరకు కలుస్తుంది. గోడలకు రంగులు, చిన్న రిపేర్లు కలవవు. లాభం 4,68,000కు దిగింది, పన్ను లేదు. న్యూజెర్సీ ఎగ్జిట్ ట్యాక్స్ అని అందరూ భయపెట్టే సంగతీ దీంతోనే తేలిపోయింది. అది రాష్ట్రం వదిలేవాళ్ల మీద వేసే వేరే పన్ను కాదు, అమ్మకం లాభం మీద రాబోయే పన్నును ముందుగా కట్టించుకోవడం. నివసించిన ఇల్లయి, లాభం మినహాయింపులోపు ఉంటే క్లోజింగ్‌లో ఒక ఫారంతో సరిపోతుంది.

అందుకే కాగితాల గది ఎప్పుడూ చివర పెట్టుకోమంటాను, అలసటతో పారేయకుండా ప్రత్యేకంగా ఒక రోజు కేటాయించి. పౌరసత్వ పత్రం, ఇండియాలో భూముల దస్తావేజులు, పట్టాదారు పాసుపుస్తకాలు, ఎఫ్‌బార్‌కు (విదేశీ ఖాతాల గురించి ప్రభుత్వానికి ఏటా ఇచ్చే నివేదిక) సంబంధించిన బ్యాంకు కాగితాలు ఐదేళ్లవి, ఇవన్నీ ఒక ఫైలుగా కట్టి కూతురికి ఎక్కడుందో చూపించాం. న్యూయార్క్ వచ్చాక వీలునామా, పవర్ ఆఫ్ అటార్నీ, హెల్త్‌కేర్ ప్రాక్సీ (మనం చెప్పలేని స్థితిలో వైద్య నిర్ణయాలు ఎవరు తీసుకోవాలో రాసే పత్రం) అక్కడి లాయరుతో మళ్లీ రాయించుకున్నారు. డ్రైవింగ్ లైసెన్సు మార్చుకోవడానికి 30 రోజులే గడువు.

ఇప్పుడు

ఆయన ఊహించుకున్నంత క్యాంపస్ జీవితం దొరకలేదు. ఉపన్యాసాలకు వెళ్తారు, కానీ రోజూ కాదు. చలికాలం మధ్యలో కొన్నాళ్లు దిగులుగా ఉన్నారు, ఎడిసన్ స్నేహితుల పేకాట గుర్తొచ్చేది. ఆవిడకు మాత్రం శనివారాలు నలుగురైదుగురు పిల్లలు వస్తున్నారు, విద్యార్థులు ఇద్దరు, ప్రొఫెసర్ల పిల్లలు మిగతావాళ్లు. ముందు ఆయన కల, తర్వాత ఆవిడ ఊరు అయిందని కూతురు అంటుంది. వాళ్లిద్దరిలో ఎవరికి కుదురుతుందో నేను ముందే చెప్పగలిగేదాన్ని కాదు. ఏడాది అద్దెకు ఉండమన్నది అందుకే.

ఇల్లు కొనలేదు, ఒప్పందం మరో ఏడాదికి పొడిగించారు. ఇక మిగిలిన నిర్ణయం ఒకటి. కెండల్ ఎట్ ఇథాకా లాంటి రిటైర్మెంట్ కమ్యూనిటీలు కాలేజీ ఊళ్లలో కొన్ని ఉన్నాయి. మసాచుసెట్స్‌లోని లాసెల్ విలేజ్‌లో చేరేవాళ్లు ఏటా 450 గంటలు చదువుకు, కార్యక్రమాలకు కేటాయించాలనే నియమం కూడా ఉంది. ఇలాంటి చోట్ల ప్రవేశ రుసుము పెద్దది, వెయిటింగ్ లిస్టు ఉంటుంది, చేరేనాటికి స్వతంత్రంగా తిరగగలిగే ఆరోగ్యం ఉండాలి. అవసరం పడ్డాక వెళ్దామంటే తీసుకోరు. శాకాహార భోజనం ఎలా ఉంటుంది, గదిలో దీపం వెలిగించుకోనిస్తారా, వీణ పాఠాలకు పిల్లలు రావచ్చా అని ఆవిడ ఒక జాబితా రాసుకున్నారు. ఈ మార్చిలో ఇద్దరూ వెళ్లి ఆ ప్రశ్నలు అడిగి, అక్కడ ఒక పూట భోంచేసి, తర్వాత లిస్టులో పేరు రాయించాలా వద్దా అని మాట్లాడుకుంటారు. ఆయన స్టెంట్‌కు సంబంధించిన రిపోర్టులు ముందే సిద్ధం చేసుకోమని చెప్పాను.